పెట్టెలో ఏముందో... చెప్పాల్సిందే!

ఉద్దానం అంటేనే కొబ్బరి. అందుకే దుబాయ్‌కో మస్కట్‌కో అండమాన్‌కో పనికి బయల్దేరిన కొడుకు పెట్టెలో పలాస జీడిపప్పుతోపాటు నాలుగు ఎండు కొబ్బరి చిప్పలూ సర్దుతుంది అమ్మ. జీడిపప్పుతో పేచీ లేదు. చిక్కల్లా కొబ్బరితోనే!

వంటింట్లో అది తినే వస్తువే. విమానయాన నిబంధనల్లో మాత్రం 'ప్రమాదకర సరుకు'. దాని నంబరు యూఎన్ 1363. తనంతట తాను వేడెక్కే పదార్థాల జాబితాలో ఉంది. ఎండు కొబ్బరిలోని నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే నిప్పంటుకోవచ్చు. అందుకే ప్రయాణికుల సామానులో దాన్ని అనుమతించరు.

ఖాళీ అని రాశారు...

ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఏమవుతుందో 1996 మే 11న అమెరికా చూసింది. మయామీలో బయల్దేరిన వాల్యూజెట్ విమానం సరుకుల అరలో, ఆక్సిజన్ పుట్టించే రసాయన డబ్బాలున్నాయి. కాగితాల మీద మాత్రం అవి 'ఖాళీ'. దారిలో మంటలు లేచాయి. విమానం చిత్తడి నేలల్లో కూలి 110 మంది చనిపోయారు. ఆ డబ్బాలను పంపిన సేబర్‌టెక్ సంస్థను 1999లో కోర్టు దోషిగా తేల్చింది. తర్వాత అప్పీలులో చాలా అభియోగాలు వీగిపోయినా, సిబ్బందికి శిక్షణ ఇవ్వలేదన్న నేరం మాత్రం నిలిచింది.

కోటి దాకా జరిమానా

మన దేశంలో ప్రమాదకర సరుకుల రవాణాకు 2003లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. అలాంటి సరుకును కార్గోలో పంపేవారు అదేమిటో రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పది లక్షలున్న గరిష్ఠ జరిమానాను 2020లో కోటి రూపాయలకు పెంచారు. 1934 నాటి చట్టం స్థానంలో 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌లోనూ ఆ శిక్షే ఉంది. ఆ బిల్లును 2024లో లోక్‌సభలో ప్రవేశపెట్టింది పలాస, టెక్కలి ఓటర్లు గెలిపించిన శ్రీకాకుళం ఎంపీ, పౌరవిమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్‌నాయుడే.

అలాగని కొబ్బరి చిప్ప దొరికిన ప్రతివారినీ జైలుకు పంపుతారని కాదు. మామూలుగా తీయించేస్తారు. కానీ అడిగినప్పుడు దాచడం, తప్పుడు పేరుతో పంపడం వేరే సంగతి.

అందుకే బయల్దేరేముందు పెట్టె ఒకసారి విప్పి చూసుకోండి. కొబ్బరి ఉంటే ఇంట్లోనే ఉంచేయండి. పవర్‌బ్యాంకును చేతిసంచిలోకి మార్చండి. 'మా వాడికి కాస్త ఇచ్చెయ్ బాబూ' అంటూ పక్కింటివాళ్లు ఇచ్చిన పొట్లాన్ని మొహమాటపడకుండా వాళ్ల ముందే విప్పించండి. పెట్టె ఎవరు సర్దినా, కౌంటరు దగ్గర జవాబు చెప్పాల్సింది ప్రయాణికుడే!