గోడ మీద మన చెరువేదీ?

చలికాలం ఆదివారాల్లో తెల్లవారకముందే శామీర్‌పేట చెరువు దగ్గర బైకులు ఆగుతాయి. బ్యాగుల్లోంచి కెమెరాలు, మూడుకాళ్ల స్టాండ్లు బయటికొస్తాయి. ఇక సూర్యుడి కోసం ఎదురుచూపులు. మంచు తెర, నీళ్లలో బండరాళ్ల నీడ, ఒంటికాలి మీద కొంగ... క్లిక్‌, క్లిక్‌!

మధ్యాహ్నానికల్లా ఆ ఫొటోలు ఫోన్లలో చక్కర్లు కొడతాయి. 'సూపర్‌', 'అదిరింది' అంటూ పొగడ్తలే పొగడ్తలు. 'నచ్చిందిగా, మంచి ప్రింటు వేసిస్తాను, కొంటారా?' అని అడిగి చూడండి. సగంమంది నవ్వేస్తారు. మిగతా సగం 'ఫైలు పంపించు బాబూ, మేమే వేయించుకుంటాంలే' అంటారు.

అలాగని గోడల కొరతా లేదు, డబ్బు కొరతా లేదు. ఔటర్‌ రింగ్‌ రోడ్డు వచ్చాక మేడ్చల్‌, శామీర్‌పేట చుట్టూ విల్లాలు, అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రతి హాల్లోనూ సోఫా వెనక ఓ పెద్ద ఖాళీ గోడ ఉంటుంది. అక్కడికి చేరేది ఎవరు? వాస్తు పేరు చెప్పి పరుగెత్తుకొచ్చే ఏడు గుర్రాలు, లేదంటే స్విట్జర్లాండ్‌ మంచుకొండ. కిటికీ తెరిస్తే కనిపించే చెరువు మాత్రం గోడ మీద కనిపించదు. పెళ్లి ఆల్బమ్‌కి లక్ష రూపాయలైనా వెనకాడనివాళ్లు కూడా చెరువు ఫొటోకి డబ్బులంటే 'బటన్‌ నొక్కడమేగా' అనేస్తారు.

అమ్మకం పాతదే

ఫొటో కొనడం మనకు అలవాటు లేని పని అనుకుంటే పొరపాటు. ఈ చెరువుకి పాతిక కిలోమీటర్ల దూరంలోని సికింద్రాబాద్‌లో 19వ శతాబ్దంలోనే ఆ వ్యాపారం దర్జాగా సాగింది. చేసినవాడు రాజా దీన్‌దయాళ్‌.

1844లో మీరట్‌ దగ్గరి సర్ధానాలో పుట్టిన దీన్‌దయాళ్‌ చదివింది రూర్కీలో ఇంజినీరింగ్‌. ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. సరదా ముదిరి వృత్తయింది. చివరికి సర్కారీ కొలువు వదిలేసి హైదరాబాద్‌ వచ్చి, ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ అయ్యాడు. నిజాం ఆయనకు 'ముసవ్విర్‌ జంగ్‌' బిరుదిచ్చాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచాడు.

దర్బారు మనిషి కాబట్టి నడిచిందిలే అనుకోవచ్చు. కానీ ఆయన నిజాం కొలువు మీదే ఆధారపడలేదు. కోటలు, గుళ్లు, రాజభవనాల దృశ్యాలు తీసి నెగెటివ్‌ మీదే పేరు, నంబరు రాసేవాడు. వచ్చినవాళ్లు నచ్చినవి ఎంచుకుని ప్రింట్లు కొనుక్కునేవారు, ఆల్బమ్‌గా కుట్టించుకునేవారు. కొన్నవాళ్లలో ఎక్కువమంది ఆంగ్లేయ అధికారులు, యాత్రికులు, సంపన్నులే. సామాన్యులకు అందే సరుకు కాదది. ప్రింటు వెనక శ్రమా తక్కువేం కాదు. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని వెండి లవణంలో తడిపి, ఆరబెట్టి, గాజు నెగెటివ్‌ కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది.

1905లో దీన్‌దయాళ్‌ కన్నుమూశాడు. ఆయన గాజు నెగెటివ్‌లు మాత్రం మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 నెగెటివ్‌లను కొని భద్రపరిచింది. అప్పటి హైదరాబాద్‌ ఎలా ఉండేదో ఈవేళ మనం చూడగలుగుతున్నామంటే కారణం ఆ గాజు పలకలు, ఎవరెవరో డబ్బిచ్చి కొని దాచుకున్న ప్రింట్లు. ఇప్పటి చెరువు ఫొటోలు ఎక్కడున్నాయి? హార్డ్‌డిస్కుల్లో! అది పాడైతే పదేళ్ల పొద్దుపొడుపులు ఒక్కసారిగా పోతాయి.

బటన్‌ తర్వాత

ఇంతకీ ఫైన్‌ ఆర్ట్‌ ఫొటో అంటే? పెళ్లివారో కంపెనీవారో చెబితే తీసేది కాదు. ఫొటోగ్రాఫర్‌ తన కంటికి తోచినట్టు తీసి, తనే దగ్గరుండి ప్రింటు వేయించేది. అమెరికన్‌ ఫొటోగ్రాఫర్‌ ఆన్సెల్‌ ఆడమ్స్‌ 1941లో న్యూమెక్సికోలోని ఓ పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివ్‌ నుంచే జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని మరింత నల్లగా తెచ్చాడు. బటన్‌ నొక్కింది క్షణం, ప్రింటుతో కుస్తీ కొన్ని దశాబ్దాలు!

ఇక రేటు సంగతి. మాన్‌ రే 1924లో తీసిన ఫొటో తాలూకు ప్రింటు ఒకటి 2022లో న్యూయార్క్‌ వేలంలో కోటీ 24 లక్షల డాలర్లు పలికింది. అది ఆకాశంలో మాట. మన దగ్గర ధర పరిమాణాన్ని బట్టి, కాగితాన్ని బట్టి, ఎన్ని ప్రతులు వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రింటు అంచున పెన్సిల్‌తో '3/10' అని రాసి సంతకం ఉంటే, మొత్తం పదింటిలో ఇది మూడోదని అర్థం. ఆ పరిమాణంలో పదకొండోది వేయనన్న హామీ అది. మాట తప్పితే కొన్నవాళ్ల నమ్మకం పోయినట్టే. ప్రతుల మీద పరిమితి లేని ప్రింట్లు చవగ్గా దొరుకుతాయి, మొదటిసారి కొనేవారికి అవే మేలు.

కొనేముందు కాగితం ఏంటో అడగాలి. నూలు గుజ్జుతో చేసిన, ఆమ్లం లేని కాగితం మీద పిగ్మెంట్‌ ఇంకుతో వేసిన ప్రింటు సరిగ్గా చూసుకుంటే తరాలపాటు నిలుస్తుంది. ఫ్లెక్సీ రకం సరుకు ఎండ తగిలితే వెలిసిపోతుంది. మంచి ప్రింటునైనా నేరుగా ఎండపడే గోడకీ, వానాకాలం చెమ్మగిల్లే గోడకీ తగిలించకూడదు. ఫ్రేములో అద్దం ఫొటోకి అంటుకోకుండా మధ్యలో అట్ట ఉండాలి. ఇంకోమాట, డబ్బిచ్చి కొన్నది ప్రింటునే కానీ కాపీరైట్‌ని కాదు. దాన్ని స్కాన్‌ చేసి క్యాలెండర్‌ వేసుకుంటామంటే చట్టం ఒప్పుకోదు.

ఎక్కడ చూడాలి

మొబైల్‌ తెర మీద చూసింది వేరు, రెండడుగుల ప్రింటు ముందు నిలబడటం వేరు. అది తెలియాలంటే మాదాపూర్‌లోని స్టేట్‌ గ్యాలరీ ఆఫ్‌ ఆర్ట్‌కు ఓసారి వెళ్లాలి. 2015లో మొదలైన ఇండియన్‌ ఫొటో ఫెస్టివల్‌కు వేదికైంది ఈ గ్యాలరీయే. పిల్లల్నీ తీసుకెళ్లొచ్చు. బతుకమ్మనూ తెలంగాణ పల్లె ఇళ్లనూ ఏళ్ల తరబడి కెమెరాలో పట్టిన వరంగల్‌ బిడ్డ భరత్‌భూషణ్‌ 2022లో వెళ్లిపోయారు. ఆయన తీసినట్టి పల్లె గోడలు, తలుపులు ఇప్పుడు మేడ్చల్‌ చుట్టుపక్కల వెతుక్కోవాల్సిందే.

అంతదూరం వెళ్లే తీరిక లేకపోతే ఇంకో దారుంది. విల్లాల క్లబ్‌హౌస్‌లు ఎటూ పుట్టినరోజులకు తప్ప ఖాళీయే. చెరువు దగ్గర కెమెరా పట్టుకునే కుర్రాళ్లను పిలిచి, ఓ ఆదివారం పది ప్రింట్లు తగిలించి, కింద ధర రాసి పెట్టమంటే సరి. నచ్చినవాళ్లు ఒకటి ఇంటికి పట్టుకెళ్లి ఏడు గుర్రాల పక్కన పెట్టుకుంటారు. తర్వాత కిటికీ తెరిచి అసలు చెరువుతో పోల్చి చూసుకోవచ్చు. మధ్యలో ఇంకో అపార్ట్‌మెంట్‌ లేచేదాకా.