సోయా సాస్ సీసా కొనే ముందు

సాయంకాలమైతే చాలు, ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా నూడుల్స్ బండ్ల దగ్గర గరిటెల మోత వినబడుతూ వుంటుంది. 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు చికెన్ మంచూరియా మొదలుపెట్టాడని చెబుతారు. అది మన వీధుల్లోకి వచ్చింది, వీధుల్లోంచి వంటింట్లోకి వచ్చింది. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం పిల్లలు ఫ్రైడ్ రైస్ అడగని ఇల్లు తక్కువ. అందుచేత ఆవకాయ జాడీ పక్కన ఒక నల్లని సీసా చేరింది. ఆ సీసాలో ఏముందో చదివి కొనేవారు మాత్రం తక్కువే.

సోయా సాస్ తయారీలో రెండు దారులున్నాయి. జపాను వారి పాత పద్ధతిలో, ఉడికించిన సోయా చిక్కుళ్ళకూ వేయించి నలిపిన గోధుమలకూ కోజి అనే మంచి బూజు పట్టిస్తారు. దానిని ఉప్పునీటిలో కలిపి నెలల తరబడి, సాధారణంగా ఆరేడు నెలలు, పులియనిస్తారు. మన ఆవకాయ ఊరినట్టే, ఇక్కడా పని చేసేది కాలమే. రెండవది తొందర పద్ధతి. నూనె తీసిన సోయా పిండిని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఉడికించి, కొద్ది రోజుల్లోనే రసం తీసి, కారమెల్ రంగు, తీపి కలిపి సీసాకెత్తుతారు. ఈ ఆమ్లపు పద్ధతిలో జాగ్రత్త తప్పితే 3-ఎంసిపిడి అనే హానికర పదార్థం ఏర్పడుతుంది. 2001లో బ్రిటన్‌లో ఈ కారణంగానే కొన్ని సోయా సాసులను దుకాణాల నుంచి వెనక్కి తీయించారు. 2008లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్, ఆమ్లపు పద్ధతి రసం కలిసిన ద్రవ మసాలాలకు కిలోకు 0.4 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. బజారులోని ప్రతి సీసానూ అనుమానించమని మేము చెప్పడం లేదు. చీటీ చదవమంటున్నాము, అంతే.

చీటీ మీద నీళ్ళు, సోయా చిక్కుళ్ళు, గోధుమలు, ఉప్పు, ఈ నాలుగే వుంటే అది పులియబెట్టిన సరుకు. ‘నేచురల్లీ బ్రూడ్’ అనే మాట కూడా వుంటుంది. ‘హైడ్రలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్’ అని వుంటే ఆమ్లపు పద్ధతి అందులో కలిసిందని గ్రహించండి. 150 అంకె కారమెల్ రంగుకు, 211 సోడియం బెంజోయేటుకు, 621 మనం అజినోమోటో అనే దానికి గుర్తులు. ఏ దేశపు సీసా అన్నదానికంటె ఈ వరుస ముఖ్యం.

జపాను ప్రమాణాల ప్రకారం సోయా సాస్ ఐదు రకాలు. మన ఇంటికి ఒక్కటి చాలు. అక్కడ ఎక్కువమంది వాడేదీ అదే, కోయికుచి. కావలసినంత రంగు, కమ్మదనం అందులోనే వున్నాయి. ఉసుకుచి అనే లేతరంగు రకం విషయంలో చాలామంది పొరబడతారు. రంగు లేతగా వుంది గనుక ఉప్పు తక్కువనుకుంటారు. నిజానికి కోయికుచిలో ఉప్పు 16 శాతం వుంటే, ఇందులో 18, 19 శాతం దాకా వుంటుంది. గోధుమ పడనివారు తమారి చూడవచ్చు, అయితే గోధుమ లేదని చీటీ మీద వుంటేనే.

ఇక ఉప్పు సంగతి. ఇంట్లో రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దలుంటే ఇదే అసలు సంగతి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక టీస్పూను సోయా సాసులో గ్రాముకు కొంచెం తక్కువ ఉప్పుంటుంది. మన భోజనంలో ఊరగాయ, అప్పడం, ఎండుచేప ముందే వున్నాయి. కనుక సాస్ పోసిన వంటలో ఉప్పు డబ్బా జోలికి పోకండి. చివర రుచి చూసి, చాలకపోతేనే చిటికెడు వేయండి. ఉప్పు తగ్గించిన రకాలూ దొరుకుతాయి గాని, వాటిలోనూ ఉప్పు తక్కువేమీ కాదు.

మద్యం ముట్టని కుటుంబాలకు ఇంకొక సందేహం రావచ్చు. పులియబెట్టిన సోయా సాసులో సహజంగానే సుమారు 2 శాతం ఆల్కహాల్ వుంటుంది. బూజు పట్టకుండా కొందరు తయారీదారులు మరికొంత కలిపి, ఆ మాట చీటీ మీద వేస్తారు. రొట్టె పిండి పొంగేటప్పుడు కూడా ఆల్కహాల్ పుడుతుంది, కాల్చేటప్పుడు చాలావరకు పోతుంది. ఒక టీస్పూను సాసులో వుండేది దాదాపు 0.1 మిల్లీలీటరు, పొయ్యి మీద అందులోనూ చాలా భాగం ఆవిరైపోతుంది. మాకు ఇందులో అభ్యంతరం కనబడలేదు. కలిపిన ఆల్కహాల్ వద్దనుకునే వారికి అది లేని సీసాలూ వున్నాయి.

సీసా ధర ఎక్కువ గనుక దాని పరిమళం తెలిసే చోటే వాడాలి. కొల్లేటి చుట్టుపక్కల వాళ్ళం, మనకు చేపకు కరువు లేదు. బొచ్చె ముక్కలను మన అలవాటు ప్రకారం ఉప్పు, నిమ్మరసం రుద్ది బాగా కడిగి, నీరు వాడ్చండి. అరకిలో ముక్కలకు రెండు టీస్పూన్ల సాస్, దంచిన అల్లం, మిరియాల పొడి పట్టించి పావుగంట వుంచి, కొద్ది నూనెలో వేయించండి. సాసుకు త్వరగా మాడే గుణం వుంది, మంట తగ్గించాలి. రొయ్యలకైతే పది నిమిషాలు చాలు. తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయలు పలుచగా తరిగి పెద్ద మంట మీద వేయించి, దించే ముందు ఒక చెంచా పోసినా బాగుంటుంది. చేపల పులుసులో మాత్రం పోయకండి. చింతపండు ముందు ఇది నిలవదు, డబ్బు దండుగ.

ఫ్రైడ్ రైస్‌కు బండివాడి నల్లరంగు రాలేదని పిల్లలు అంటారు. ఆ నలుపు చాలావరకు కారమెల్‌దే. రంగు కోసం ఇంకో చెంచా పోస్తే పెరిగేది ఉప్పే.

కొనేటప్పుడు చిన్న సీసాయే కొనండి. మూత తీసిన తరువాత గాలి తగిలి రంగు ముదురుతుంది, వాసన తగ్గుతుంది. మన ఎండలకు అలమరలో పెట్టకుండా ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు నెలల్లో వాడేయండి. మూత తీసిన తేదీని ఒక కాగితం ముక్క మీద రాసి సీసాకు అంటిస్తే లెక్క తప్పదు.