సైన్స్ డిగ్రీలో సైకాలజీ: అపోహలు – వాస్తవాలు

ఇంటర్‌లో బైపీసీ అయిపోయింది, మెడికల్ సీటు రాలేదు. ఇక డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది. జువాలజీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ అంటే ఎవరూ కాదనరు. వాటి పక్కన సైకాలజీ తీసుకుంటానని అమ్మాయి అనగానే ‘సైన్స్ చదువులో అదెందుకమ్మా?’ అంటారు. ఆ ప్రశ్న వెనక నాలుగైదు అపోహలు కలగలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూస్తే తేలేది ఒక్కటే: సైన్స్ తోడు లేని సైకాలజీకి పునాది ఉండదు. మనిషి ప్రవర్తనను పట్టించుకోని జీవశాస్త్రం అసంపూర్ణంగా మిగిలిపోతుంది.

అపోహ: సైకాలజీ కేవలం మాటల చదువు, ఆర్ట్స్ సబ్జెక్టు.

వాస్తవం: ఆధునిక సైకాలజీ పుట్టిందే కొలతల్లోంచి. భౌతికశాస్త్రం బోధించిన జర్మన్ ఆచార్యుడు ఫెక్నర్, వెలుతురు, బరువు పెరిగేకొద్దీ మనకు కలిగే అనుభూతి ఏ లెక్కన పెరుగుతుందో వివరిస్తూ 1860లో పుస్తకం ప్రచురించాడు. వైద్యం చదివిన విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో సైకాలజీ ప్రయోగశాల నెలకొల్పాడు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1916లోనే ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసింది. 1923 నాటికి ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లోనూ దీనికి చోటు దక్కింది. ఇప్పటికీ తరగతిలో చేయించే ఒక ప్రయోగం చూడండి. కాగితం మీద ‘ఎరుపు’ అన్న మాటను ఆకుపచ్చ సిరాతో, ‘నీలం’ అన్న మాటను పసుపు సిరాతో రాస్తారు. మాటను చదవకూడదు, సిరా రంగు మాత్రమే చెప్పాలి. చదవడం బాగా అలవాటైన వాళ్ల నాలుక అక్కడే తడబడుతుంది. మాట, రంగు ఒకటే అయిన జాబితాకూ దీనికీ పట్టిన సమయాలను స్టాప్‌వాచ్‌తో కొలిచి, సగటు కట్టి, ఆ తేడా కాకతాళీయమా కాదా అన్నది గణాంకశాస్త్రంతో తేలుస్తారు. స్ట్రూప్ అనే పరిశోధకుడు 1935లో ప్రచురించిన ప్రయోగానికి రూపాంతరమిది. ఇందులో ఊహాగానానికి చోటెక్కడుంది?

అపోహ: నిజంగా సైన్సే అయితే దాని ఫలితాలు మళ్లీ మళ్లీ అలాగే రావాలి. సైకాలజీలో అవి నిలబడవు.

వాస్తవం: ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అప్పటికే అచ్చయిన 100 సైకాలజీ అధ్యయనాలను పరిశోధకులు తిరిగి చేసి చూసి, 2015లో ‘సైన్స్’ పత్రికలో ఆ వివరాలు ప్రకటించారు. వాటిలో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే గణాంకాల పరీక్షకు మళ్లీ నిలిచాయి. అయితే ఆ లోపాన్ని బయటపెట్టింది బయటివాళ్లు కాదు, సైకాలజీ పరిశోధకులే. తన తప్పును తానే వెతికి నలుగురి ముందు పెట్టడం శాస్త్రం లక్షణం. ఆ తర్వాత ప్రయోగానికి ముందే ప్రణాళికను నమోదు చేయడం, ఎక్కువమందిని పరీక్షించడం, సేకరించిన సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచడం బాగా పెరిగాయి. ఏ ఫలితం గట్టిదో, ఏది బలహీనమో గుర్తుపట్టాలంటే విద్యార్థికి గణాంకాలు రావాలి, ప్రయోగ పద్ధతి తెలియాలి. సైకాలజీని సైన్స్‌తో కలిపి చదవాలనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు.

అపోహ: రెండు పడవల మీద కాళ్లు పెడితే ఎటూ కాకుండా పోతారు.

వాస్తవం: 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్ డిగ్రీలో ప్రధానంగా చదివింది సైకాలజీ, దానికి తోడుగా తీసుకుంది గణితం. మెదడు దారులను ఎలా గుర్తుపెట్టుకుంటుందో తేల్చినందుకు 2014లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో జాన్ ఓకీఫ్ డాక్టరేట్ సైకాలజీలోనిదే. మిగిలిన ఇద్దరు, అప్పటికి దంపతులైన మోసర్‌లు, ఓస్లోలో సైకాలజీ చదివి, నాడీ శరీరధర్మశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. వాళ్లు మేధావులు, మామూలు పిల్లల సంగతేమిటని అడగవచ్చు. మామూలు పిల్లలకూ దారులున్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, జ్ఞానశాస్త్రాలకు ప్రత్యేక కేంద్రం ఉంది. ఆ నగరంలోని ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ పరిశోధన సాగుతోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు మెడిసిన్ కోసం రాసే ఎంక్యాట్ పరీక్షలో 2015 నుంచి నాలుగు విభాగాల్లో ఒకటి ప్రవర్తనకు సంబంధించినదే. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ చేసి మందుల పరిశ్రమలోకి వెళ్లాలని నిశ్చయించుకున్న విద్యార్థికి ఈ కలయిక అంతగా పనికిరాదు. లక్ష్యాన్ని బట్టి గ్రూపు ఎంచుకోవాలి గానీ, గ్రూపు పేరు చూసి భయపడకూడదు.

అపోహ: డిగ్రీ చేతికొస్తే చాలు, సైకాలజిస్టుగా బోర్డు పెట్టుకోవచ్చు.

వాస్తవం: సైకాలజీని చిన్నచూపు చూసే అపోహల కంటే ప్రమాదకరమైనది ఇదే. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసి మందులు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, దాని రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. మూడేళ్ల డిగ్రీ ఈ రెంటిలో దేనికీ సాటిరాదు. 2015–16లో నిమ్‌హాన్స్ జరిపిన జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్న వాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. అవసరం ఇంత ఉన్నచోట అరకొర చదువుతో సలహాలిస్తే జరిగే నష్టమూ అంతే పెద్దది. 2025లో యూజీసీ సైకాలజీతో సహా ఆరోగ్య సంబంధ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపవద్దని విద్యాసంస్థలను ఆదేశించింది. ప్రయోగశాల, గురువు పర్యవేక్షణ లేకుండా ఒంటబట్టే చదువు కాదిది.

తల్లిదండ్రులకు, విద్యార్థులకు ఒక మనవి. దరఖాస్తు నింపేముందు కాలేజీకి వెళ్లి మూడు విషయాలు అడగండి: సైకాలజీకి ప్రయోగశాల ఉందా, సిలబస్‌లో గణాంకశాస్త్రం ఉందా, ఈ కలయికతో ఏ పీజీలకు అర్హత వస్తుంది? మూడింటికీ సరైన జవాబు దొరికితే నిస్సంకోచంగా చేరండి. దొరక్కపోతే సైకాలజీని కాదు, ఆ కాలేజీని వదులుకోండి.