కార్శి చెరకు: మొదటి నెలయే ముఖ్యము

చెరకు తోట నరికిన పిమ్మట నేలలో మిగిలిన మోళ్లు మరల చిగుర్చును. ఇట్లు పెరిగిన పంటను కార్శి తోట యందురు. దీనికి విత్తనపు ముచ్చెలు కొననక్కరలేదు; నాటు కూలి లేదు; మొక్కతోట కన్న ముందుగనే పక్వమునకు వచ్చును. ఇన్ని లాభములున్నను పెక్కుచోట్ల కార్శి దిగుబడి మొక్కతోటకు తీసికట్టుగా నుండును. ఊరక వచ్చిన పంట యను ఉపేక్షయే ఇందుకు ముఖ్యకారణము.

పల్నాడు పత్తికి, మిరపకు పేరుపడిన సీమ. నాదెండ్ల ప్రాంతమున నీటి వసతి చూచుకొని చెరకు వేయదలచిన రైతు, మొదటి యేటి లెక్కతోపాటు రెండవ యేటి లెక్కయు వేసికొనవలెను. నాటుటకైన పెట్టుబడి భారము తగ్గి, ఆదాయము మిగులునది కార్శిలోనే.

అనకాపల్లిలో 1913లో నెలకొన్న పరిశోధనా స్థానము చెరకుపై నూరేండ్లకు పైగా కృషి సల్పుచున్నది. శాస్త్రజ్ఞుల సలహాల సారమును ఇచట క్లుప్తముగా తెలుపుచున్నాము.

నరికిన వెంటనే మోళ్లను పదునైన పనిముట్టుతో నేలమట్టమునకు చెక్కవలెను. పైకన్నుల నుండి వచ్చు పిలకల వేళ్లు నేలలో నాటుకొనవు; అవి బలహీనములు. నేలలోపలి కన్నుల పిలకలే బలిష్ఠములు. పిదప బోదెలకు ఇరుప్రక్కల నాగలి నడిపినచో పాతవేళ్లు తెగి, నేల గుల్లబారి, క్రొత్తవేళ్లు దిగును.

దుబ్బులు చచ్చిన ఖాళీలను నెల లోపల, ముందుగా పెంచి యుంచిన మొక్కలతో పూరింపవలెను. ఆలస్యముగా నాటిన మొక్క పొరుగు దుబ్బుల నీడలో ఎదగదు.

పాతవేళ్లు క్రుళ్లునపుడు నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని తామే వాడుకొనును. కావున కార్శికి నత్రజని మొక్కతోట కన్న ఎక్కువగను, ముందుగను వేయవలెను. లేత ఆకులు తెల్లబారినచో అది ఇనుపధాతు లోపము. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి చల్లవలెను.

చెరకు చెత్తను కాల్చరాదు. సాళ్ల నడుమ పరచినచో తేమ నిలుచును, కలుపు అణగును, క్రుళ్లి ఎరువగును.

ఎర్రకుళ్లు సోకిన తోటను మాత్రము కార్శికి ఉంచరాదు. రోగము మోళ్లలో నిలిచి మరుపంటకు సంక్రమించును.

చెరకునకు మేలైన ఈ పద్ధతి పత్తికి కీడు. ఏరిన పిదప పత్తి మోళ్లను చిగుర్పనిచ్చినచో గులాబీరంగు పురుగు వాటిపై బ్రతికి, మరుసటి పైరును పట్టును. పత్తి కట్టెను సకాలమున పీకివేయుటయే క్షేమము.

పంచాయతీ సభ్యులారా! చెత్తకు పెట్టిన నిప్పు పొరుగుచేనికి ప్రాకును. ఒక చేనిలో విడిచిన పత్తిమోడు ఊరంతటికి పురుగును పంచును. ఇవి ఒక్క రైతు వ్యవహారములు కావు. కోతలకు ముందే గ్రామసభలో ఈ సంగతులు చర్చించి, వ్యవసాయ సిబ్బందిని పిలిపించి, ఊరంతయు ఒక్కమాటపై నిలుచునట్లు చేయుడు.