గల్లీలో గ్యాస్.. ఢిల్లీలో పెత్తనం

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ దాటి లోపలికి వెళ్లేకొద్దీ గల్లీ సన్నబడుతుంది. ముందు ఆటో ఆగిపోతుంది, తర్వాత బైకు. ఆపైన నడకే. గ్యాస్ బండ మాత్రం మనిషి భుజమెక్కి ఆఖరి గుమ్మం దాకా వెళ్తుంది. కింద హోటలు, పైన కాపురం ఉండే ఇళ్లే ఎక్కువ. వంటింటికీ మెట్లకూ మధ్య నాలుగడుగులు ఉంటే గొప్ప.

ఇలాంటి గల్లీల్లోనే సగం దించిన షట్టర్లు కొన్ని కనిపిస్తాయి. ఇంటి బండను తలకిందులుగా నిలబెట్టి, రబ్బరు పైపుతో చిన్న సిలిండర్‌లోకి గ్యాస్ ఎక్కిస్తుంటారు. పక్కనే కాటా. కిలో లెక్కన అమ్మకం. 'ఏక్ కిలో దేవ్ భాయ్' అంటూ వచ్చేది అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లు, టీబండి వాళ్లు, రోడ్డు పక్కన కబాబులు కాల్చేవాళ్లు. చట్టం ప్రకారం ఇది నేరం. కానీ రోజుకూలీకి 14.2 కిలోల బండ, దానికి డిపాజిట్, అడ్రస్ ప్రూఫ్ ఎక్కణ్నుంచి వస్తాయి?

ఆ షట్టర్ మూయించాల్సింది ఎవరు? పౌరసరఫరాల శాఖ దాడి చేస్తుంది. పోలీసులు కేసు పెడతారు. సిలిండర్ల నిబంధనలు కేంద్రానివి, వాటిని చూసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. మరి వార్డు కార్పొరేటర్‌కు ఏముంది? ఏదైనా పేలితే మొదటి ఫోను ఆయనకే!

చమురు, గ్యాస్ విషయంలో స్థానిక సంస్థలు చిన్నబోవడం అనుకోకుండా జరిగింది కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్, కేంద్ర జాబితా, 53వ అంశం: చమురు క్షేత్రాలు, పెట్రోలియం ఢిల్లీవి. గుజరాత్ 2001లో సొంతంగా గ్యాస్ చట్టం చేసుకుంటే, సహజవాయువు కూడా ఆ 53లోనిదేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చేసింది. రాష్ట్రానికే చోటు లేని పంక్తిలో మున్సిపాలిటీకి విస్తరి ఎవరు వేస్తారు? 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలున్నాయి. అగ్నిమాపక సేవలు అందులో ఒకటి. మన దగ్గర ఫైరింజన్లు మాత్రం రాష్ట్ర ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉన్నాయి.

ఇక పైపు గ్యాస్. ఏ నగరంలో ఏ కంపెనీ పంపిణీ చేయాలో నిర్ణయించేది 2006 చట్టంతో వచ్చిన కేంద్ర నియంత్రణ బోర్డు. హైదరాబాద్‌లో ఆ పని గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ చూస్తోంది. నగరపాలక సంస్థకు మిగిలింది రోడ్డు కటింగ్‌కు అనుమతి, తవ్వినచోట పూడ్చడానికి డబ్బు వసూలు. ఇదేం చిన్న అధికారమని తీసిపారేయొద్దు. ఎందుకో చెప్పే ముందు ఒకసారి కోనసీమ వెళ్లొద్దాం. గల్లీలో మనకున్నది బండతో భయం. వాళ్లకు బావితోనే.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ 19వ బావి నుంచి గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. ఆ చుట్టుపక్కల నడివయసు వాళ్లనెవరిని కదిపినా రాత్రిళ్లు కూడా పగల్లా ఉండేదని చెబుతారు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లకు, 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను బద్దలైంది. గ్యాస్ మంచులా ఊరి మీద పరుచుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో ఊరంతా చెప్పుకున్నారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలబడ్డచోటే మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు, ద్రవాలు కలిసిన తడి గ్యాస్ పంపడంతో అది లోపల్నుంచి తుప్పుపట్టిందని విచారణలో తేలింది.

పైపులో ఏం పారుతోందో అడిగే హక్కు ఆ ఊరి పంచాయతీకి ఉందా? 1962 నాటి పైపులైన్ల చట్టం చదివితే తెలుస్తుంది. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. అదీ ఆ భూమిలో హక్కున్నవాళ్లే, విడివిడిగా. వాడుకహక్కు తీసుకున్నందుకు ఇచ్చేది భూమి విలువలో 10 శాతం. ఊరికంతటికీ కలిపి మాట్లాడే గొంతుకు చట్టంలో చోటే లేదు. ఉన్న ఒక్క కిటికీ పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. 2020 జనవరిలో కేంద్రం అన్వేషణ తవ్వకాలను ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని బీ2 కేటగిరీకి మార్చి, ఆ దశలో దాన్నీ మూసేసింది.

డబ్బు సంగతి మరీ విచిత్రం. సింగరేణి బొగ్గు తవ్వే ప్రాంతాలకు జిల్లా ఖనిజ నిధి ఉంది, 2015 నుంచి. గనుల చట్టం పరిధిలో చమురు ఖనిజాలు లేవు కాబట్టి కోనసీమకు ఆ నిధి వర్తించదు. రాష్ట్రానికి రాయల్టీ వస్తుంది. బావి పక్కన ఊరికి మాత్రం కంపెనీ దయతలిచి కట్టించే కమ్యూనిటీ హాలే. హక్కుగా రావాల్సింది దానంగా వస్తే, ఊరు గట్టిగా అడగడం మానేస్తుంది.

ఈ పేచీ మనకే పరిమితం కాదు. డాలస్‌లో మనవాళ్లుండే కాలనీలకు కాస్త ఎగువన డెంటన్ అనే ఊరుంది. ఇళ్ల పక్కనే గ్యాస్ బావులు తవ్వుతున్నారని అక్కడి జనం విసిగి, 2014 నవంబరులో ఓటింగ్ పెట్టుకుని ఫ్రాకింగ్‌ను (నీటి ఒత్తిడితో రాతిని చీల్చి గ్యాస్ తీయడాన్ని) నిషేధించారు. 59 శాతం దాకా అటే మొగ్గారు. ఏడు నెలలు తిరక్కుండానే, 2015 మేలో, టెక్సస్ ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ నిషేధాన్ని చెల్లకుండా చేసింది. కొలరాడోలో కథ తిరగబడింది. ఊళ్ల నిషేధాలను 2016లో కోర్టు కొట్టేసినా, 2019లో ఆ రాష్ట్రమే చట్టం మార్చి, బావి ఎక్కడ ఉండాలో తేల్చడంలో ఊళ్లకు అధికారం ఇచ్చింది.

మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు. బావుల సాంకేతిక పర్యవేక్షణ కేంద్రం దగ్గరుంటే తప్పేమీ లేదు. పంచాయతీ కార్యదర్శి వెళ్లి వాల్వు ప్రెషరు చూడలేడు కదా. కానీ నేల కింద ఏముందన్న సమాచారం, అది ఎక్కడ వద్దో చెప్పే హక్కు స్థానిక సంస్థకు ఉండి తీరాలి.

పాతబస్తీలో ఆ పని ఉన్న అధికారాలతోనే మొదలుపెట్టొచ్చు. జీహెచ్‌ఎంసీ చట్టం 521వ సెక్షన్ కింద హోటళ్లకు, ప్రమాదకర వ్యాపారాలకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది కార్పొరేషనే. దాన్ని ఫీజు వసూలు లెక్కలో చూసినంతకాలం 19 కిలోల బండలు మెట్ల కిందే ఉంటాయి. 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో అగ్నిప్రమాదం 17 మందిని పొట్టనబెట్టుకుంది. అది గ్యాస్ వల్ల కాదు, షార్ట్‌సర్క్యూట్ అన్నారు. కానీ ఇరుకు దారి ఇంటిని ఎలా బోనులా మారుస్తుందో ఆ ఉదయం చూపించింది. రేపు పైపు గ్యాస్ ఈ గల్లీల్లోకి వస్తే భుజాల మీద బండల బరువు తగ్గుతుంది, మంచిదే. అయితే మంచినీటి లైను, డ్రైనేజీ, కరెంటు కేబులు ఎక్కడున్నాయో గుర్తించిన మ్యాపు చేతికొచ్చాకే గడ్డపార వేయనివ్వాలి. రోడ్డు కటింగ్ అనుమతిలో ఆ ఒక్క షరతు పెట్టడానికి పార్లమెంటు అక్కర్లేదు.

మీ వీధిలో తవ్వకం మొదలైతే అది ఎవరి లైను, ఎంత లోతున పోతోంది, అనుమతి కాగితం ఏదీ అని అడగండి. ఇంట్లో బండ దగ్గర గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.