శరణు కేసులో దుబాసీ మాట తప్పితే: కోర్టు ఏం చూస్తుంది, ఏం చూడదు

మన బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం ఇళ్ళల్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం కన్నడం. ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో రాసేటప్పుడు ఎక్కడ జారిపోతుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. అదే జారుడు పరాయి దేశంలో, ఒక మనిషి అక్కడ ఉండాలా పోవాలా అని తేల్చేచోట జరిగితే? కెనడాలో శరణు అర్జీ పెట్టి, అది తిరస్కారమై, "కోర్టుకు పోతే గెలుస్తామంట" అనే మాట విన్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాం.

ముందుగా ఒక సంగతి. ఆ కోర్టు శరణు ఇవ్వదు. అక్కడ శరణు అర్జీని మొదట ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు వింటుంది. కాదంటే చాలామందికి అదే బోర్డులో అప్పీలు ఉంటుంది. అక్కడా కాదంటేనే ఫెడరల్ కోర్టు. దీన్నే న్యాయ సమీక్ష అంటారు. మన దగ్గర పహణీలో పేరు మార్పు అర్జీని నోటీసు కూడా ఇవ్వకుండా కొట్టేశారనుకోండి. రిట్ వేస్తే హైకోర్టు సాధారణంగా పొలం మీ పేరున రాసివ్వదు. ఆ ఉత్తర్వు రద్దు చేసి, పిలిచి వినమని వెనక్కి పంపుతుంది. ఫెడరల్ కోర్టు చేసేదీ అంతే. గెలిచినా కేసు బోర్డుకే తిరిగి పోతుంది, ఇంకో సభ్యుడు మళ్ళీ చూస్తాడు.

పైగా నేరుగా విచారణ ఉండదు, ముందు కోర్టు అనుమతి కావాలి. కెనడా లోపల ఇచ్చిన నిర్ణయమైతే అది తెలిసిన 15 రోజుల్లో అర్జీ పడాలి. వకీలు కోసం పది రోజులు తిరిగితే మిగిలేది ఐదే. అనుమతి దొరక్కపోతే దానిమీద అప్పీలు లేదు.

మరి కోర్టు ఏం చూస్తుంది? నిర్ణయానికి చెప్పిన కారణాలు నిలుస్తాయా, మనిషి మాట న్యాయంగా విన్నారా అని చూస్తుంది. ఈ రెండోదానికి 1985 ఏప్రిల్ 4 పెద్ద రోజు. అప్పటిదాకా చాలామంది అర్జీలను వాళ్ళు చెప్పినదాని రాతప్రతి చూసే తేల్చేవాళ్ళు. నిర్ణయించేవారు మనిషి ముఖం చూసేవారు కాదు. సింగ్ కేసులో కెనడా సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆ అర్జీదారుల్లో ఎక్కువమంది సిక్కులు. మనిషిని నమ్మాలా వద్దా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి వినాల్సిందేనని న్యాయమూర్తి బెర్తా విల్సన్ రాశారు. మన దేశంలో 1978 నాటి మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసుదీ దాదాపు ఇదే దారి.

వినడమంటే అర్థమయ్యేలా వినడం. మాట మార్చి చెప్పే దుబాసీ దగ్గరే మనవాళ్ళకు చిక్కు. "మొన్న వచ్చి బెదిరించారు" అంటాం. మనకు మొన్న అంటే రెండు రోజుల కిందటా కావచ్చు, రెండు నెలల కిందటా కావచ్చు. దుబాసీ దాన్ని సరిగ్గా రెండు రోజులని చెబితే తేదీలు కలవవు. పెద్దనాయనను ఒకచోట తండ్రి అనీ, ఇంకోచోట అంకుల్ అనీ చెబితే, చనిపోయిన తండ్రి మళ్ళీ ఎలా వచ్చాడని అడుగుతారు. కన్నడం కలిసిన మన తెలుగు విజయవాడ వైపు దుబాసీకి అన్నిచోట్లా అందదు కూడా. మనవాళ్ళేమో మర్యాదకు పోయి తల ఊపేస్తారు.

ఆ తల ఊపడమే ముంచుతుంది. 2001లో మొహమ్మదియన్ కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు దీనిమీద తేల్చి చెప్పింది. దుబాసీ తెగకుండా, కచ్చితంగా, ఎటూ మొగ్గకుండా, వెంటవెంటనే చెప్పాలి. అది లోపించిందని తేలితే నష్టం జరిగిందని వేరుగా రుజువు చేయనక్కరలేదు. కానీ అభ్యంతరం మాత్రం మొదటి అవకాశంలోనే చెప్పాలి. ఆ ఇరాన్ కుర్దు అర్జీ తిరస్కారమయ్యాకే దుబాసీ సంగతి ఎత్తాడు, ఓడిపోయాడు. మాకిది కాస్త కఠినంగానే తోస్తుంది. ప్రాణభయంతో వచ్చినవాడు అధికారి ఎదుట "ఈయన మాట నాకు తెలియలేదు" అనగలడా? అయినా రూలు అది. ఏజెంటు రాసిచ్చిన కథతో పోయినవాడికి ఇవేవీ అక్కరకు రావు, అది వేరే సంగతి.

శరణు ఫారంలో దుబాసీ ఏ భాషకు, ఏ యాసకు కావాలో రాసే చోటుంది. అక్కడ ఉత్తి తెలుగు అని వదిలేయకండి, కర్ణాటక సరిహద్దు తెలుగు అని రాయించండి. విచారణ రికార్డవుతుంది, దాని కాపీ అడగవచ్చు. తిరస్కారం వచ్చిన రోజే ఆ కాపీకి అర్జీ పెట్టి, మన యాస తెలిసిన ఇంకొకరితో మాటకు మాట సరిచూపించండి. తప్పులు దొరికితే వకీలుకు ఇవ్వాల్సింది ఆ కాగితమే.