పిల్లల ఫోన్‌పై కన్నేసే యాప్స్.. ఫ్రీనా? డబ్బులు కట్టాలా? ఇన్‌స్టాల్ చేసే ముందు ఇవి తెలుసుకోండి!

సెలవులొస్తే చాలు.. పిల్లల చేతిలోంచి ఫోన్ దిగదు. ఏం చూస్తున్నారో, ఎవరితో చాట్ చేస్తున్నారో అని పేరెంట్స్‌కి ఒకటే టెన్షన్. అందుకే చాలామంది ఫోన్ మానిటరింగ్ యాప్స్ కోసం వెతుకుతుంటారు. ఒక యాప్ ‘పూర్తిగా ఫ్రీ’ అంటుంది. ఇంకోటి నెలనెలా డబ్బులు కట్టమంటుంది. ఇంతకీ ఏది నమ్మాలి?

సింపుల్‌గా చెప్పాలంటే.. పిల్లల భద్రతకి కావాల్సినవి చాలావరకు ఫ్రీగానే దొరుకుతాయి. కొన్ని అదనపు సౌకర్యాలకి మంచి కంపెనీలు కూడా డబ్బులు తీసుకుంటాయి. కానీ ‘అవతలివాళ్లకి తెలీకుండా అన్నీ చూడొచ్చు’ అని చెప్పి డబ్బులు గుంజే యాప్స్ వేరే ఉన్నాయి. అసలు చిక్కంతా వాటితోనే.

పైసా కట్టక్కర్లేనివి ఇవే..

పిల్లలది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉంది. 2017లో వచ్చిన ఈ యాప్ పూర్తిగా ఉచితం. రోజుకి ఎన్ని గంటలు ఫోన్ వాడాలో మీరే సెట్ చేయొచ్చు. రాత్రి పడుకునే టైమ్‌కి ఫోన్ లాక్ అయ్యేలా పెట్టొచ్చు. కొత్త యాప్ డౌన్‌లోడ్ చేయాలంటే మీ ఓకే కావాలి. పిల్లల లొకేషన్ కూడా కనిపిస్తుంది. పేరెంట్ దగ్గర ఐఫోన్ ఉన్నా పనిచేస్తుంది.

పిల్లలది ఐఫోన్ అయితే విడిగా యాప్ అవసరమే లేదు. 2018లో ఐఓఎస్ 12తో వచ్చిన స్క్రీన్ టైమ్ ఫీచర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఫ్యామిలీ షేరింగ్‌లో పిల్లల అకౌంట్ కలిపితే మీ ఫోన్ నుంచే కంట్రోల్ చేయొచ్చు. దీనికీ రూపాయి ఖర్చు లేదు.

అయితే ఒక విషయం. ఫ్యామిలీ లింక్‌లో వాట్సాప్ మెసేజ్‌లు కనిపించవు. కాల్స్ వినిపించవు. పైగా తమ ఫోన్ పేరెంట్ కంట్రోల్‌లో ఉందని పిల్లలకి తెలుస్తుంది. చాలామంది ఇది లోపం అనుకుంటారు. కానీ ఇంట్లో నమ్మకం నిలబడేది దాంతోనే.

ఫోన్ అమ్మదే అయితే ఎలా?

మన ఇళ్లలో చాలామంది పిల్లలకి సొంత ఫోన్ ఉండదు. అమ్మ ఫోనో, నాన్న ఫోనో తీసుకుని చూస్తుంటారు. అలాంటప్పుడు మానిటరింగ్ యాప్ వేసినా పెద్దగా ఉపయోగం ఉండదు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘ఫ్యామిలీ’లోకి వెళ్లి పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి, పిన్ పెట్టండి. కొనుగోళ్లకి పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి. యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ ఇవ్వండి. యూపీఐ యాప్స్‌కి లాక్ తప్పనిసరి. ఇవన్నీ ఫ్రీనే.

కొంత ఫ్రీ.. కొంత పెయిడ్

క్యాస్పర్‌స్కీ సేఫ్ కిడ్స్, కస్టోడియో లాంటివి ఈ కోవలోకి వస్తాయి. బేసిక్ ఫీచర్లు ఉచితం. మొత్తం ఫీచర్లు కావాలంటే ఏడాది సబ్‌స్క్రిప్షన్ కట్టాలి. ఉదాహరణకి క్యాస్పర్‌స్కీలో లొకేషన్ చూడాలంటే ప్రీమియం తీసుకోవాల్సిందే. నార్టన్ ఫ్యామిలీ అయితే కొన్నాళ్లు ట్రయల్ ఇచ్చి ఆ తర్వాత డబ్బులు అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుండి, ఫోన్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా చూసుకోవాలంటే ఇవి పనికొస్తాయి. ఒక్క ఫోన్ కోసమే అయితే ముందు ఫ్రీవి వాడి చూడండి. అప్పటికీ సరిపోకపోతేనే డబ్బుల సంగతి ఆలోచించండి.

‘సీక్రెట్’ యాప్స్‌తోనే అసలు డేంజర్

‘వాట్సాప్ చాట్స్ చదవండి.. కాల్స్ వినండి.. ఐకాన్ కూడా కనిపించదు’ అని ఊరించే యాప్స్ ఇంకో రకం. ఇవి దాదాపు అన్నీ సబ్‌స్క్రిప్షన్ మీదే నడుస్తాయి. గూగుల్ ప్లే స్టోర్‌లో ఇలాంటి వాటికి అనుమతి లేదు. అక్కడ రూల్ చాలా క్లియర్‌గా ఉంది. మానిటరింగ్ యాప్ అంటే పిల్లల కోసమో, ఆఫీసు ఇచ్చిన ఫోన్ల కోసమో మాత్రమే ఉండాలి. ఫోన్‌లో నోటిఫికేషన్ ఎప్పుడూ కనిపిస్తూనే ఉండాలి. భార్య లేదా భర్త ఫోన్‌ని ట్రాక్ చేసే యాప్స్‌కి.. వాళ్లు ఒప్పుకున్నా సరే చోటు లేదు.

అందుకే ఈ కంపెనీలు బయటి వెబ్‌సైట్ నుంచి ఏపీకే ఫైల్ వేసుకోమంటాయి. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేయమంటాయి. తర్వాత ‘యాక్సెసిబిలిటీ’ పర్మిషన్ అడుగుతాయి. ఇది ఇచ్చారంటే స్క్రీన్ మీద ఏం కనిపిస్తే అది ఆ యాప్ చదివేస్తుంది. వాట్సాప్ మెసేజ్ చదివే ఆ దారిలోనే ఓటీపీ, బ్యాంకు బ్యాలెన్స్ కూడా చదవొచ్చు. పీఎం కిసాన్, ఆర్టీఓ చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫేక్ ఏపీకేలు జనం ఖాతాలు ఖాళీ చేసేది కూడా ఇలాంటి పర్మిషన్లతోనే. ‘ఫుల్ వెర్షన్ ఫ్రీ’ అంటూ టెలిగ్రామ్‌లో దొరికే మానిటరింగ్ యాప్స్‌తోనూ అదే ముప్పు.

పోనీ డబ్బులు కడితే సేఫా? అదీ లేదు. ఎంస్పై అనే యాప్ నుంచి 2024లో లక్షలాది మంది కస్టమర్ల వివరాలు బయటికొచ్చాయి. లెట్‌మీస్పై అనే ఇంకో యాప్ 2023లో హ్యాక్ అయి, అదే ఏడాది మూతపడింది. స్పైఫోన్ అనే కంపెనీని అసలు నిఘా వ్యాపారమే చేయకుండా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో నిషేధించింది. అంటే మీరు మీ పిల్లల ఫొటోలు, మెసేజ్‌లు, లొకేషన్ తీసుకెళ్లి ఎవరి చేతిలో పెడుతున్నారో ఆలోచించండి.

చట్టం ఏమంటోంది?

భార్య, భర్త, ప్రేమికుల ఫోన్లలో తెలీకుండా యాప్ వేయడం సరదా కాదు. అనుమతి లేకుండా వేరేవాళ్ల ఫోన్‌లోకి చొరబడి డేటా తీస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 ప్రకారం స్టాకింగ్ కిందికి వస్తుంది. మొదటిసారి మూడేళ్లు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు శిక్ష ఉంటుంది. ‘పెళ్లాం ఫోనే కదా’ అంటే కుదరదు.

యాప్ తీసేసినా డబ్బులు కట్ అవుతాయ్!

ఫ్రీ ట్రయల్ అని కార్డు లేదా యూపీఐ ఆటోపే ఇచ్చారా? అయితే జాగ్రత్త. ఫోన్‌లోంచి యాప్ డిలీట్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి క్యాన్సిల్ చేయాలి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కితే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. నేరుగా వెబ్‌సైట్‌లో కట్టి ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపే కూడా ఆపేయండి. మామూలుగా రూ.15,000 లోపు ఆటో డెబిట్‌కి ప్రతిసారీ ఓటీపీ అడగరు. 24 గంటల ముందు మెసేజ్ మాత్రం వస్తుంది. దాన్ని స్పామ్ అనుకుని వదిలేయకండి.

మీ ఫోన్‌లోనే ఎవరైనా వేశారని డౌటా?

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ ఓపెన్ చేసి, మీకు తెలీని యాప్ ఏదైనా ఆన్‌లో ఉందేమో చూడండి. డివైజ్ అడ్మిన్ యాప్స్ లిస్ట్ కూడా చెక్ చేయండి. ప్లే ప్రొటెక్ట్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసి స్కాన్ చేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ చూడటం మర్చిపోవద్దు. చాలాసార్లు యాప్ ఏమీ ఉండదు.. వాట్సాప్ వెబ్‌లో లాగిన్ అయి ఉంటుంది, అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం. ఇంట్లో వేధింపులు ఉన్నవాళ్లు తొందరపడి ఏదీ ఆఫ్ చేయొద్దు, డిలీట్ చేయొద్దు. యాప్ పోయిందని అవతలివాళ్లకి వెంటనే తెలిసిపోవచ్చు, సాక్ష్యమూ పోతుంది. ముందు వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి కాల్ చేయండి. ఖాతాలోంచి డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఫైనల్‌గా..

చిన్న పిల్లలకైతే ఫ్యామిలీ లింక్ లేదా స్క్రీన్ టైమ్ చాలు. టెన్త్, ఇంటర్ చదివే పిల్లలైతే యాప్ వేసే ముందు కూర్చోబెట్టి చెప్పండి. ‘ఇది ఎందుకు పెడుతున్నాం, ఏం చూస్తాం, ఏం చూడం’ అని క్లియర్‌గా మాట్లాడండి. దొంగచాటుగా చూస్తున్నారని తెలిస్తే పిల్లలు ఇంకో ఫోన్, ఇంకో అకౌంట్ వెతుక్కుంటారు. నిజంగా ఎవరైనా ఆన్‌లైన్‌లో బెదిరిస్తే మీ దగ్గరికి రావడానికే భయపడతారు. అప్పుడు ఏ యాప్‌కి ఎంత కట్టినా లాభం ఉండదు.

ఎవరైనా ‘తెలీకుండా చూడొచ్చు’ అని యాప్ అమ్ముతుంటే.. అది ఫ్రీ అయినా, పెయిడ్ అయినా దాని జోలికి వెళ్లకండి.